అమెరికాలో టిప్పు లెక్క: కూర్చుని తింటే ఎంత, ప్యాక్ చేయించుకుంటే ఎంత

ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక స్నేహితుడి పుట్టినరోజని ఎనిమిది మందిమి కలిసి డల్లాస్ దగ్గర ఒక హోటల్‌కి వెళ్లాం. తినడం అయ్యాక సర్వర్ నల్లటి ఫోల్డర్‌లో బిల్లు పెట్టి తెచ్చింది. తిండి 210 డాలర్లు, ఆ కింద ఏవో రెండు మూడు లైన్లు, చివర్న మొత్తం. ఇరవై శాతం ఇవ్వాలని సీనియర్లు చెప్పి పంపారు కాబట్టి, ఫోన్‌లో లెక్కేసి టిప్పు గీత మీద 42 అని రాసి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఫోల్డర్ మూసేశా. రాత్రి రూముకొచ్చాక తలా ఎంతో పంచుదామని రసీదు తీస్తే, టాక్స్ పైన చిన్న అక్షరాల్లో "గ్రాట్యుటీ 18%, 37.80" అని ఉంది, ఇక్కడ గ్రాట్యుటీ అన్నా టిప్పే, హోటల్ వాళ్లే ముందే వేసేశారు. అంటే 210 డాలర్ల తిండికి 79.80 టిప్పు ఇచ్చి వచ్చాం. ఆ 42 డాలర్లు మిగతావాళ్లని అడగడానికి మొహం చెల్లక నేనే పెట్టుకున్నా.

అంతకు నెల ముందు దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు చేశా. 48 డాలర్ల బిల్లుకి రెండు డాలర్ల నోట్లు టేబుల్ మీద పెట్టి, మన ఊళ్లో అయితే ఇదే ఎక్కువ అనుకుంటూ లేచా. తలుపు దాకా వెళ్లేలోపు సర్వర్ వెనకే వచ్చి "భోజనం బాగాలేదా, నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా" అని మర్యాదగానే అడిగాడు. నాకు అర్థం కాలేదు, బాగుంది బాగుంది అని నవ్వి వచ్చేశా. అతను ఎందుకు అడిగాడో తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అందుకే కొత్తగా వస్తున్నవాళ్ల కోసం, అమ్మానాన్నల్ని తీసుకొస్తున్నవాళ్ల కోసం, పదేళ్లుగా ఇక్కడే ఉండి కూడా కౌంటర్ దగ్గర టిప్పు అడిగే తెర కనపడగానే చెమటలు పట్టేవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నా.

1. ముందు ఆ డబ్బు ఏంటో తెలుసుకోండి

మన దగ్గర టిప్పు అంటే సంతోషంగా ఇచ్చేది. ఇస్తే దణ్ణం, ఇవ్వకపోతే ఏం లేదు. ఇక్కడ కూర్చుని తినే హోటల్లో టిప్పు అలాంటిది కాదు, సర్వర్ జీతంలో పెద్ద భాగం అదే. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంటకి కనీస కూలి 7.25 డాలర్లు, అది 2009 నుంచి మారలేదు. కానీ టిప్పులు వచ్చే ఉద్యోగులకి యజమాని తన జేబులోంచి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఈ 2.13 అయితే 1991 నుంచీ అక్కడే ఉంది. మిగతాది మనం ఇచ్చే టిప్పులతో పూడాలి, పూడకపోతే ఆ తేడా యజమాని కట్టాలి. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో నడిచేది ఈ లెక్కే. ఇప్పుడు ఆలోచించండి, గంటకి 2.13 అంటే టాక్సులు పోయాక ఆ చెక్కులో మిగిలేదేముంది?

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఓరెగన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కాల్లో టిప్పులు వచ్చినా రాకపోయినా యజమాని పూర్తి కనీస కూలి ఇవ్వాల్సిందే. "మరి అక్కడ టిప్పు తగ్గించొచ్చుగా" అని మనవాళ్లు వెంటనే అడుగుతారు. లాజిక్ సరైనదే, కానీ ఆచారం లాజిక్ ప్రకారం నడవదు, కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో కూడా కూర్చుని తింటే పద్దెనిమిది, ఇరవై శాతమే ఆశిస్తారు.

ఇంకో సంగతి. మీరిచ్చిన టిప్పు మొత్తం ఆ సర్వర్ జేబులోకే వెళ్లదు. టేబుళ్లు తుడిచేవాళ్లకి, బార్‌లో పనిచేసేవాళ్లకి అందులోంచి వాటా పంచుతారు, చాలాచోట్ల ఆ వాటా టిప్పు మీద కాకుండా అమ్మకం మీద లెక్కేస్తారు. కాబట్టి మీరు సున్నా పెడితే ఆ సర్వర్ మీ టేబుల్ తాలూకు వాటా తన చేతి నుంచి కట్టాల్సి రావచ్చు. నా రెండు డాలర్ల వెనక పరుగెత్తి వచ్చినాయన బాధ అదీ.

యజమాని, మేనేజర్లు, సూపర్‌వైజర్లు మాత్రం ఉద్యోగుల టిప్పుల్లోంచి పైసా తీసుకోకూడదని 2018లో చట్టం చేశారు.

(ఒక పిట్టకథ: ఈ టిప్పుల గోల అమెరికావాళ్లకి కూడా మొదట్నుంచీ ఇష్టమేం కాదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పు ఇవ్వడాన్నే నిషేధించింది, ఇంకో అరడజను దాకా రాష్ట్రాలు దాని దారి పట్టాయి. 1926 కల్లా ఆ చట్టాలన్నీ ఎత్తేశారు.)

2. లోపలికి అడుగు పెట్టగానే ఒక్క ప్రశ్న వేసుకోండి

నా టేబుల్ దగ్గరికి ఎవరైనా వచ్చి అడిగి, తెచ్చి, తీసి పెడతారా? లేక నేనే వెళ్లి చెప్పి, నేనే తెచ్చుకుంటానా? టిప్పు తొంభై పాళ్లు ఇక్కడే తేలిపోతుంది.

ఎవరో కూర్చోబెట్టి, నీళ్లు పోసి, ఆర్డర్ రాసుకుని, మధ్యలో "అంతా బాగుందా" అని వచ్చి అడిగే చోటైతే 18 నుంచి 20 శాతం. 15 ఇస్తే ఎవరూ తిట్టరు, కానీ "ఏదో తగ్గింది" అని అర్థం చేసుకుంటారు. 

బఫేలో 10 శాతం. మన ఇండియన్ లంచ్ బఫేలో ప్లేట్లు మనమే నింపుకుంటాం కానీ ఎంగిలి ప్లేట్లు తీసేది, వేడి నాన్ బుట్టలో తెచ్చి పెట్టేది, మంచినీళ్ల జగ్గుతో తిరిగేది మనిషే కదా. మనిషికి రెండు డాలర్లకి తగ్గకండి. ఒక్కొక్కరు నాలుగేసి ప్లేట్లు మార్చి చివర్న సున్నా కొట్టి వెళ్లడం నేను కళ్లారా చూశా, మనవాళ్లేనని చెప్పడానికి సిగ్గేసింది.

కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్పి నంబర్ తీసుకుని కూర్చుంటే, వాళ్లే టేబుల్‌కి తెచ్చిస్తే, ఒకటి రెండు డాలర్లు లేదా 5 నుంచి 10 శాతం. మనవాళ్ల బిర్యానీ హోటళ్లు, టిఫిన్ సెంటర్లు చాలా వరకు ఇప్పుడు ఈ పద్ధతిలోకే వచ్చేశాయి. ప్లేట్లు కూడా మనమే తీసి చెత్తబుట్టలో వేసే చోట ఇవ్వకపోయినా తప్పు లేదు.

డ్రైవ్-త్రూ, బర్గర్ షాపులు, ఫుడ్ కోర్టులో ఏమీ అక్కర్లేదు. కాఫీకి మీ ఇష్టం. బార్‌లో బీరుకి ఒక డాలర్, కాక్‌టెయిల్‌కి రెండు, లేదంటే చివర్లో మొత్తం బిల్లు మీద ఇరవై శాతం.

3. బిల్లుని పైనుంచి కింద దాకా చదవండి

79.80 కట్టినవాడి మాట వినండి. ఫోల్డర్ రాగానే కార్డు పెట్టేయకండి. ఎవరు కడతారన్న యుద్ధం ఎలాగూ జరుగుతుంది ("రేయ్ నేనిస్తా, నువ్వు పోయినసారి ఇచ్చావ్"), ఆ యుద్ధంలో గెలిచినవాడు చూడాల్సినవి ఇవి.

మొదట సబ్‌టోటల్. తిన్నదాని ధర అది. టిప్పు లెక్క దీని మీదే వేస్తారు, టాక్స్ కలిపిన మొత్తం మీద వెయ్యక్కర్లేదు. టాక్స్ ప్రభుత్వానికి పోయేది, దానికి కూడా మనం టిప్పు కట్టడం దేనికి? తేడా పెద్దదేం కాదు, 64 డాలర్ల తిండికి ఒక డాలర్ అటూ ఇటూ. కానీ కూపన్ గానీ ఆఫర్ గానీ వాడినప్పుడు మాత్రం తగ్గించకముందు ఉన్న ధర మీదే టిప్పు వెయ్యండి. సర్వర్ సగం పని చేయలేదు కదా.

తర్వాత "గ్రాట్యుటీ" లేదా "సర్వీస్ చార్జ్" అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. ఆరుగురు లేదా ఎనిమిది మంది దాటితే చాలా హోటళ్లు 18 నుంచి 20 శాతం వాళ్లే వేసేస్తాయి, ఆ సంగతి మెనూ అడుగున ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది వేసేశాక కూడా రసీదు మీద "అడిషనల్ టిప్" అనో, ఉత్త "టిప్" అనో ఖాళీ గీత ఉంటుంది. దాన్ని ఖాళీగా చూసి ఉండబట్టలేక నింపేవాళ్లం మనం. అక్కర్లేదు, గీత కొట్టేయండి. మరీ బాగా చూసుకున్నారనిపిస్తే ఐదో పదో చేతిలో పెట్టండి.

ఇంకో రకం లైన్లు ఉన్నాయి, ఇవి ఇంకా చిరాకు. "కిచెన్ అప్రిసియేషన్ 3%", "వెల్‌నెస్ ఫీ 4%", "క్రెడిట్ కార్డ్ ఫీ 3%" ఇలాంటివి. ఇవి టిప్పు కావు. సర్వర్‌కి ఇందులోంచి ఏమైనా వెళ్తుందో లేదో అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి మొహమాటపడకండి, "ఈ చార్జ్ మీకు వస్తుందా?" అంటే సర్వర్లు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. కాలిఫోర్నియాలో అయితే ఇలాంటి రుసుములు మెనూలోనే స్పష్టంగా కనపడేలా రాయాలని 2024లో చట్టం తెచ్చారు. మెనూలో లేనిది బిల్లులో కనపడితే మేనేజర్‌ని పిలిచి అడగొచ్చు.

4. లెక్క ఫోన్ లేకుండా వేయడం

సబ్‌టోటల్ 64 డాలర్లనుకోండి. చుక్కని ఒక స్థానం ఎడమకి జరిపితే 6.40, అది పది శాతం. రెట్టింపు చేస్తే 12.80, అది ఇరవై. 18 కావాలంటే అందులోంచి ఒక డాలర్ పైచిలుకు తీసేయండి, పదకొండున్నర.

ఇంతకన్నా బద్ధకస్తుల పద్ధతి ఇంకోటుంది, టాక్స్ లైన్ చూసి వేయడం. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో టాక్స్ 8.25 శాతం. దాన్ని రెట్టింపు చేస్తే పదహారున్నర శాతం, పైన ఇంకో డాలర్ రెండు డాలర్లు వేస్తే సరిపోతుంది. న్యూయార్క్ నగరంలో 8.875, రెట్టింపు చేస్తే దాదాపు పద్దెనిమిది, అక్కడితో ఆపేయొచ్చు. న్యూజెర్సీలో 6.625, ఎడిసన్‌లో ఉన్నవాళ్లు రెట్టింపు చేస్తే తక్కువవుతుంది, మూడింతలు చేయండి, ఇరవైకి దగ్గరగా వస్తుంది. రాష్ట్రం మారినప్పుడు ఈ చిట్కా కూడా మారుతుందని గుర్తుంచుకోండి, టెక్సస్ అలవాటుతో న్యూజెర్సీలో రెట్టింపు చేసి పదమూడు శాతం పెట్టి వచ్చినవాడు మా రూమ్మేట్.

రసీదు అడుగున, మిషన్ తెర మీద "సజెస్టెడ్ టిప్" అని వాళ్లే 18, 20, 25 శాతాలకి ఎంతెంతో లెక్కేసి ఇస్తారు. దాన్ని గుడ్డిగా నమ్మకండి. కొన్ని మిషన్లు టాక్స్ కలిపిన మొత్తం మీద వేస్తాయి. ఇంకొన్ని చోట్ల బిల్లుని నలుగురికి విడగొట్టినా సూచించే టిప్పు మొత్తం బిల్లు మీదే చూపిస్తుంది, అలా నలుగురూ మొత్తానికి ఇరవై శాతం ఇచ్చేస్తే సర్వర్‌కి పండగే.

5. రసీదు మీద రాసేటప్పుడు

ఇది ఎవరూ చెప్పరు, అందుకే కొత్తవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. సర్వర్ మీ కార్డు తీసుకెళ్తుంది (లోపలికి తీసుకెళ్లిపోతుందని కంగారుపడకండి, ఇక్కడ అంతే), గీకి, రెండు రసీదులు, ఒక పెన్ను తెచ్చి పెడుతుంది. ఒకదాని అడుగున "మర్చంట్ కాపీ" అని, రెండోదాని మీద "కస్టమర్ కాపీ" అని ఉంటుంది. మర్చంట్ కాపీ మీద మూడు గీతలు: టిప్, టోటల్, సంతకం.

టిప్ దగ్గర 12.80 రాయండి. టోటల్ దగ్గర అది కలిపి 82.08 రాయండి (64 తిండి, 5.28 టాక్స్). టోటల్ ఖాళీగా వదలకండి, రెండూ ఒకదానికొకటి సరిపోయేలా చూడండి. సంతకం పెట్టి ఆ కాపీని ఫోల్డర్‌లో ఉంచి, రెండోది మీరు జేబులో వేసుకోండి. మొదట్లో నేను టిప్పు అంతా శ్రద్ధగా కస్టమర్ కాపీ మీద రాసి, ఖాళీ మర్చంట్ కాపీ మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నా. పాపం ఆవిడకి దక్కింది సున్నా.

టిప్పు క్యాష్‌గా ఇస్తుంటే టిప్ గీత ఖాళీగా వదలకుండా "క్యాష్" అని రాసి, టోటల్ దగ్గర 69.28 వేయండి. లేకపోతే మీరేమీ ఇవ్వలేదనుకునే అవకాశం ఉంది.

కార్డు గీకిన వెంటనే బ్యాంక్ యాప్‌లో 69.28 అనే కనపడుతుంది. రెండు మూడు రోజుల తర్వాత అది 82.08 అవుతుంది. మోసం కాదు, మీరు రాసిన టిప్పు రాత్రి వాళ్లు మిషన్‌లో కలిపారు. 82.08 కాకుండా 92.08 అయితే మాత్రం మీ కాపీ వెనకే టిప్పు ఎంత రాశారో పెన్నుతో గుర్తు వేసుకుని ఉంటే పనికొస్తుంది. వారం దాకా ఆ కాపీ పారేయకండి.

ఎక్కువమంది వెళ్లినప్పుడు ఒకరే కట్టి తర్వాత యాప్‌లో పంచుకోండి. ఎనిమిది కార్డులు పెట్టి "విడివిడిగా చేయండి" అనాలంటే ఆ ముక్క ఆర్డర్ చెప్పే ముందే చెప్పాలి, తినేశాక చెబితే సర్వర్ మొహంలో రంగులు మారతాయి. విడివిడిగా అన్నప్పుడు ఇంకో తిరకాసు, "మిగతావాళ్లు వేస్తార్లే" అని ప్రతివాడూ రెండేసి డాలర్లు పెట్టేసి మొత్తం ఏడు శాతం తేలడం. 

6. టు గో (ప్యాక్ చేయించుకుని పట్టుకెళ్లడం): తలనొప్పంతా ఇక్కడే

శుక్రవారం సాయంత్రం. ఆఫీసు నుంచి వస్తూ దమ్ బిర్యానీ ఒకటి, చికెన్ 65 ఒకటి ఫోన్‌లో చెప్పి, పావుగంటలో దుకాణం ముందు కారాపి లోపలికెళ్లారు. కౌంటర్ వెనక అబ్బాయి మన కుర్రాడే, కవరు ముడేసి పక్కన పెట్టి, ట్యాబ్లెట్‌ని మీ వైపు తిప్పుతాడు. తెర మీద మూడు పెద్ద గళ్లు: 18, 20, 25. వాటి కింద పల్చటి రంగులో "కస్టమ్", "నో టిప్". వెనక నలుగురు నిలబడి ఉన్నారు. కుర్రాడు మర్యాదగా వేరే వైపు చూస్తుంటాడు గానీ మీరేం నొక్కుతున్నారో అతనికి తెలుస్తుందని మీకూ తెలుసు. వేలు దానంతటదే మధ్య గడి మీదకి వెళ్లిపోతుంది.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ గళ్లు ఎవరూ మీ ఆర్డర్ చూసి పెట్టినవి కావు. టోస్ట్, స్క్వేర్, క్లోవర్ లాంటి మిషన్లలో యజమాని ఒకసారి సెట్ చేస్తే కూర్చుని తిన్న బిల్లుకీ, కవర్లో పట్టుకెళ్లే బిల్లుకీ అవే శాతాలు రావచ్చు. ఈ విసుగు మనకొక్కరికే కాదు, ఐదేళ్ల కిందటి కన్నా ఇప్పుడు ఎక్కువ చోట్ల టిప్పు అడుగుతున్నారని 2023లో ప్యూ రీసెర్చ్ సర్వేలో 72 శాతం అమెరికన్లే అన్నారు.

నేను పాటించే పద్ధతి: టిప్పు ఎంతో కారు దిగకముందే అనుకుంటా. తెర ముందు నిలబడి ఆలోచించడం మొదలుపెడితే గెలిచేది తెరే.

మామూలు చిన్న ఆర్డర్, సంచీ తీసుకుని వచ్చేయడమే అయితే సున్నా ఇచ్చినా తప్పు లేదు, ఒకటి రెండు డాలర్లు ఇస్తే మంచిదే. కూర్చుని తినే హోటల్‌కి ఫోన్ చేసి ప్యాక్ చేయించుకుంటే కాస్త వేరు, ఎందుకంటే అక్కడ మీ కవరు సర్దేది చాలాసార్లు టేబుళ్ల పని ఆపి వచ్చిన సర్వరో, బార్‌టెండరో. సాంబారు, మూడు చట్నీలు, పెరుగు, నిమ్మకాయ ముక్కలు, ఉల్లిపాయలు ఏవీ మరిచిపోకుండా డబ్బాలకి మూతలు బిగించి సర్దడానికి పది నిమిషాలు పడుతుంది, ఒక పెద్ద కుటుంబం ఆర్డరైతే ఇంకా ఎక్కువ. అలాంటిచోట 5 నుంచి 10 శాతం. కారు దగ్గరికే తెచ్చిస్తే, అందులోనూ వానలోనో, నూట నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల డల్లాస్ ఎండలోనో అయితే, రెండు మూడు డాలర్లు చేతిలో పెట్టండి.

"ఎక్స్‌ట్రా సెర్వా, ఎక్స్‌ట్రా రైతా, కారం తక్కువ, ఒకటి పిల్లలకి వేరేగా ప్యాక్ చేయండి, స్పూన్లు ఎనిమిది పెట్టండి" అని చెప్పేవాళ్లు మాత్రం "నో టిప్" నొక్కే ముందు రెండోసారి ఆలోచించుకోవాలి. నేను ఆ జాతివాణ్నే, అందుకే మూడు డాలర్లకి తగ్గను.

హోటల్ వాళ్ల సొంత యాప్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు టిప్పు ముందే 15, 18 శాతం దగ్గర టిక్ అయి ఉంటుంది. "ప్లేస్ ఆర్డర్" నొక్కే ముందు దాన్ని చూసుకుని మార్చుకోండి. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని చూడట్లేదు కాబట్టి ప్రశాంతంగా ఆలోచించొచ్చు.

ఇంక పార్టీ ట్రేలు. పిల్లాడి మొదటి పుట్టినరోజుకి రెండు ఫుల్ ట్రేల బిర్యానీ, ఒక హాఫ్ ట్రే గోబీ మంచూరియా, గులాబ్ జామూన్ కలిపి నాలుగైదు వందల డాలర్ల ఆర్డర్. దీని మీద ఇరవై శాతమంటే వంద డాలర్లు, అంత ఎవరూ ఆశించరు. అయితే ఆ వేడి ట్రేలని ఒక్కొక్కటిగా మోసుకొచ్చి, సీట్లు మడిచి, ఒరిగిపోకుండా డిక్కీలో సర్ది, కింద అట్టముక్క పెట్టి పంపే కుర్రాడు ఉంటాడు కదా, అతనికి పది ఇరవై డాలర్లు చేతికే ఇవ్వండి. కౌంటర్ దగ్గర కార్డు మీద వేస్తే అతని దాకా వెళ్తుందో లేదో మనకి తెలియదు. వాళ్లే మీ హాలుకి తెచ్చి, బర్నర్లు వెలిగించి, వడ్డించి వెళ్లేట్టయితే అది కేటరింగ్, అప్పుడు కాంట్రాక్టులో సర్వీస్ చార్జ్ ఉందేమో ముందు చూసుకుని, లేకపోతే వచ్చిన ఒక్కొక్కరికీ ఇరవై చొప్పున విడిగా కవర్లలో ఇవ్వండి.

7. ఇంటికి తెప్పించుకుంటే

ఇక్కడ మాత్రం టిప్పు ఎగ్గొట్టకండి. డోర్‌డాష్, ఉబర్ ఈట్స్ బిల్లులో "డెలివరీ ఫీ", "సర్వీస్ ఫీ" అని రెండు మూడు లైన్లు చూసి, డ్రైవర్‌కి అందులోంచే వెళ్తుంది కదా అనుకుంటాం. అవి కంపెనీకి కట్టే రుసుములు, టిప్పు వేరు. పైగా కారు అతనిది, పెట్రోలు అతనిది.

చిన్న ఆర్డరైనా నాలుగైదు డాలర్లు, పెద్దదైతే 15 శాతం. మంచు, వాన, లిఫ్ట్ లేని మూడో అంతస్తు, గేటు కోడ్ సరిగ్గా రాయని అపార్ట్‌మెంట్ అయితే పైన ఇంకో రెండు మూడు. టిప్పు ముందే వేస్తే డ్రైవర్‌కి ఆర్డర్ ఒప్పుకునే ముందే వచ్చే మొత్తం అంచనాగా కనపడుతుంది, తక్కువ అనిపిస్తే వదిలేస్తాడు. టిప్పు లేని ఆర్డర్లు ఆలస్యం కావచ్చని 2023లో డోర్‌డాష్ తన యాప్‌లోనే కస్టమర్లకి హెచ్చరిక చూపించింది. మీ దోశ చల్లారి, చట్నీలో మునిగి వచ్చిందంటే కారణాల్లో ఇదొకటి.

ముందు పదిహేను డాలర్లు చూపించి ఆశపెట్టి, తెచ్చిచ్చాక యాప్‌లో దాన్ని ఒకటికి తగ్గించేవాళ్లున్నారు. అంతకన్నా చవకబారు పని ఇంకోటి లేదు. తిండి ఒలికిపోయిందంటే యాప్‌లో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకోండి. కూరలో ఉప్పెక్కువైతే డ్రైవర్ ఏం చేస్తాడు?

8. సర్వీస్ నిజంగా బాగోలేకపోతే

వంట ఆలస్యమైతే అది వంటింటి తప్పు, సర్వర్‌ది కాదు. నలభై నిమిషాలు ఎవరూ నీళ్లు కూడా పోయకపోతే, అడిగినదానికి విసుక్కుంటే, శాకాహారం అని రెండుసార్లు చెప్పాక కూడా చికెన్ సమోసా తెచ్చి పెడితే, అది వేరు. అప్పుడు కూడా సున్నా పెట్టి మౌనంగా లేచి వచ్చేయకండి, మర్చిపోయారనో, పిసినారులనో అనుకుంటారు తప్ప జరిగింది వాళ్లకి తెలియదు. మేనేజర్‌ని పిలిచి ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పి, 10 శాతం పెట్టండి. మేనేజర్ తరచుగా ఒక ఐటమ్ బిల్లులోంచి తీసేస్తాడు కూడా.

ఈమధ్య ఇంకో వాదన వింటున్నా, "టిప్పుల మీద టాక్స్ లేదట కదా, ఇంక మనం తగ్గించొచ్చు" అని. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 దాకా టిప్పుల్లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఫెడరల్ (కేంద్ర) ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కోసం పడే కోతలు మాత్రం అలాగే ఉంటాయి. పైగా హోటలే బలవంతంగా వేసే గ్రాట్యుటీకి ఇది వర్తించదు, మనం ఇష్టపూర్వకంగా ఇచ్చినదానికే. అసలు వాళ్లకి టాక్స్ తగ్గితే మనం టిప్పు తగ్గించడం ఏం న్యాయం? మన టాక్స్ తగ్గితే మన జీతం తగ్గించుకుంటామా?

9. అమ్మానాన్నలు వచ్చినప్పుడు

మా నాన్నగారు వచ్చిన మొదటి వారం. పైన చెప్పిన 64 డాలర్ల భోజనం అదే. కళ్లజోడు పైకి నెట్టుకుని రసీదు చదివి, 12.80 దగ్గర వేలు పెట్టి, పెదాలు కదుపుతూ రూపాయల్లోకి మార్చి, "ఒరేయ్, వెయ్యి దాటుతోంది కదరా. మంచినీళ్లు పోసినందుకా?" అన్నారు. అంత గట్టిగా అన్నారు కాబట్టి సర్వర్‌కి తెలుగు రాకపోవడం నా అదృష్టం. (మన హోటల్లో అయితే వస్తుంది, జాగ్రత్త.)

వాదించకండి. గంటకి 2.13 సంగతి ఒక్కటి చెప్పండి. మా నాన్నగారు రిటైరైన ప్రభుత్వోద్యోగి, జీతం, బత్తెం అన్న మాటలు ఆయనకి వెంటనే ఎక్కుతాయి. "అంటే యజమాని ఇవ్వాల్సిన జీతం మన చేత ఇప్పిస్తున్నాడన్నమాట" అని కాసేపు అమెరికాని తిట్టి, తర్వాత వారం నుంచి బఫేకి వెళ్తే నాకంటే ముందే గ్లాసు కింద రెండు డాలర్ల నోట్లు పెట్టడం మొదలుపెట్టారు. గ్లాసు కింద వద్దు నాన్నా, తడుస్తాయి, ఫోల్డర్‌లో పెట్టండి అన్నా వినరు.

అసలు బిల్లు వాళ్ల కంటపడకుండా, బాత్రూమ్‌కి వెళ్తున్నట్టు లేచి కౌంటర్ దగ్గరే కట్టేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. అదీ ఒక పద్ధతే.

10. తిరిగి ఇండియా వెళ్లినప్పుడు

అక్కడ ఇరవై శాతం చూపించి ఎన్నారై వేషాలు వేయక్కర్లేదు. టిఫిన్ సెంటర్‌లో ఏమీ ఇవ్వరు. ఏసీ హోటల్లో కూర్చుని తింటే 5 నుంచి 10 శాతం ధారాళం. హైదరాబాద్‌లో పెద్ద రెస్టారెంట్లలో బిల్లు మీద "సర్వీస్ చార్జ్" కనపడితే అది జీఎస్టీ కాదు, ప్రభుత్వ పన్ను కాదు, కట్టి తీరాల్సినదీ కాదు. హోటళ్లు దాన్ని వాటంతట అవి బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమని అడగండి, మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. తీసేయించుకున్నాక, వడ్డించినాయన బాగా చూసుకుంటే ఆయనకి విడిగా ఇవ్వండి.

కాకపోతే ఈసారి వెళ్లినప్పుడు ఒకటి గమనించా. ఇదివరకు సోంపు గిన్నెతో పాటు బిల్లు ప్లేట్ వచ్చేది, చిల్లర అందులోనే వదిలేసేవాళ్లం. ఇప్పుడు అందరం ఫోన్‌తో స్కాన్ చేసి 847 రూపాయలకి 847 కొట్టి లేస్తున్నాం, ప్లేట్‌లో సోంపు తప్ప ఏమీ మిగలట్లేదు. ఎయిర్‌పోర్టులో దిగగానే ఒక ఐదొందల నోటు మార్పించి యాభైలు, ఇరవైలు జేబులో పెట్టుకోండి.